రాహుకాలం దాటాక పంపిన యువాన్

2021 చివర్లో నన్ను మా బ్యాంకు పుదుచ్చేరి శాఖలో విదేశీ మారక విభాగానికి సీనియర్ మేనేజర్‌గా వేశారు. పదవీ విరమణకు ముందు అదే నా ఆఖరి పోస్టింగ్. పుట్టి పెరిగిన మురుంగపాక్కం నుంచే రోజూ ఆఫీసుకు వెళ్లిరావడం భగవంతుడి దయ అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

మా విభాగం పని చెప్పడానికి సులువే. ఇక్కడి వ్యాపారి బయటి దేశంలో సరుకు కొంటాడు. ఇన్వాయిస్, దరఖాస్తు తెచ్చి, మేం చెప్పిన మారకం రేటుకు ఒప్పుకుంటూ సంతకం చేస్తాడు. జూనియర్ అధికారి కంప్యూటర్లో ఎక్కిస్తాడు, నేను సరిచూసి వదులుతాను. ఆ తర్వాత ముంబైలోని ట్రెజరీ విభాగం ఆ కరెన్సీ కొని అమ్మకందారుడి బ్యాంకుకు పంపుతుంది.

నా సర్వీసులో ఎక్కువ కాలం ఆ కరెన్సీ అంటే డాలరే. మధ్యమధ్య యూరో. నేను ఈ సీటుకు వచ్చేనాటికి చైనా అమ్మకందారులు తమ యువాన్‌లోనే ఇమ్మని అడగడం మొదలైంది. మొదట్లో అడిగేవారు, తర్వాత పట్టుబట్టేవారు. డాలర్‌లో అయితే ధర కొంచెం ఎక్కువ, సరుకు పంపే వరుసలో చోటు వెనక. యువాన్ చెల్లింపు వివరాలు కొత్తగా నేర్చుకున్నాం. ఇది సరుకుకా, సేవకా అన్నది వాళ్ల పద్ధతిలో కోడ్ వేసి చెప్పాలి. అమ్మకందారుడి పేరులో తేడా ఉంటే డబ్బు తిరిగొస్తుంది. ఇవన్నీ నేర్చుకున్నాం గాని, దాని గడియారం మాత్రం మాకు వంటబట్టలేదు.

అమెరికా బ్యాంకులు మన సాయంత్రానికి తెరుస్తాయి. మధ్యాహ్నం మూడింటికి కాగితాలు వచ్చినా డాలర్లు ఆ రోజే వెళ్లేవి. అందువల్ల నేను పనిచేసిన శాఖలన్నింటిలో ఖాతాదారులకు ఒక అలవాటు స్థిరపడింది. రాహుకాలంలో ఎవరూ సంతకం పెట్టరు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా ఫైళ్లు నా బల్ల మీద ఊరికే పడుండేవి. నేనూ నమ్మకం ఉన్నదాన్నే కాబట్టి ఎవరినీ తొందరపెట్టేదాన్ని కాదు. ఎన్నేళ్లు అలా గడిచినా డాలర్ మమ్మల్ని ఒక్కసారీ శిక్షించలేదు.

చైనా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. యువాన్ అదే రోజు చేరాలంటే పదకొండున్నరలోగా మా నుంచి వెళ్లాలని ట్రెజరీ సర్క్యులర్ పంపింది. చదివి, పక్కన పొడి సంతకం కూడా చేశాను.

2022 సెప్టెంబర్ చివరి రోజు, నవరాత్రి శుక్రవారం. బ్యాంకుకు అర్ధసంవత్సర ముగింపు కూడా అదే రోజు. పదిన్నర దాటాక సి.కె. వెంకటసామి రెడ్డియార్ వచ్చారు. తట్టాంచావడిలో మందుసీసాల ప్లాస్టిక్ మూతలు చేసే చిన్న ఫ్యాక్టరీ ఆయనది. మాలాగే తరాలనాడు ఇక్కడ స్థిరపడిన తెలుగువారు. మాట్లాడతారు గాని లిపి రాదు. ఓ మందుల కంపెనీ కొత్త సైజు మూతలకు ఆర్డర్ ఇస్తే, దాన్ని నమ్ముకుని రెండో షిఫ్టు పెట్టి పదకొండు మంది ఆడవాళ్లను తీసుకున్నారు. ఆ కొత్త మూతలు పోసే అచ్చు చైనాలో సిద్ధమైంది. మిగతా సొమ్ము యువాన్‌లో ఆ రోజే చేరితే జాతీయ సెలవులకు ముందు ఓడకెక్కిస్తామని, లేకపోతే సెలవుల తర్వాత చూద్దామని అమ్మకందారుడు రాశాడు. ఆ ఉత్తరం ఫైల్లోనే ఉంది.

అరుళ్ అనే మా జూనియర్ అధికారి కాగితాలన్నీ సిద్ధం చేశాడు. సంతకం ఒక్కటే తక్కువ. రెడ్డియార్ పెన్ను మూత తీసి, గోడ గడియారం చూసి మళ్లీ మూత పెట్టారు.

"రావుకాలంలో మా తాత కొత్త చెప్పు కూడా తొడగడుమా. నేను చైనావోడికి సంతకం పెట్టేదా?" అని నవ్వి, వెంటనే నా వైపు వంగారు. "టైము ఉండాదా చెల్లీ? లేదంటే చెప్పు, దేవుణ్ణి తలుచుకోని ఇప్పుడే పెట్టేస్తా."

"ఉంది అన్నా. నిదానంగా పన్నెండు దాటినాకే పెట్టండి," అన్నాను.

ఆయన కాఫీ తాగుతూ కూర్చున్నారు. నేను ముగింపు లెక్కల్లో పడ్డాను. పన్నెండు దాటి నాలుగు నిమిషాలకు సంతకం పెట్టారు. అరుళ్ ముంబైకి ఫోన్ చేశాడు. అవతలి మనిషి, యువాన్‌కు ఈ రోజు తలుపు మూశామని, చైనాలో రేపటినుంచి వారం సెలవని చెప్పాడు. అప్పుడు గుర్తొచ్చింది సర్క్యులర్. ట్రెజరీ డెస్క్ అధిపతిని స్వయంగా బతిమాలాను. కుదరలేదు.

డబ్బు పది రోజులు ఆలస్యంగా వెళ్లింది. ఆలోపు అమ్మకందారుడు ఓడలో అచ్చుకు కేటాయించిన చోటు వేరొకరి సరుకుకు ఇచ్చేశాడు. అచ్చు ఆరు వారాలు వెనకబడి వచ్చింది. మందుల కంపెనీ ఆగలేదు, ఆర్డర్ వేరే ఊరికి వెళ్లింది. రెండో షిఫ్టు మూతపడింది. పదకొండు మంది ఇళ్లకు వెళ్లిపోయారు. కొందరు కదిర్కామం నుంచి వచ్చేవారు, ఇద్దరిది మా మురుంగపాక్కమే.

రెడ్డియార్ కొడుకు బ్యాంకుకు ఫిర్యాదు రాశాడు. ప్రాంతీయ కార్యాలయం నన్ను ఒకే ప్రశ్న అడిగింది: ఖాతాదారుడు సంతకం చేసిన దరఖాస్తు ఎన్నింటికి అందింది? జవాబు నేను చెబుతుంటే అరుళ్ టైపు చేశాడు. మధ్యాహ్నం 12.04.

అతను కీబోర్డు మీద చేయి ఆపి, "నిదానంగా పెట్టండి అని మీరు అన్నది రాయొద్దా మేడమ్?" అన్నాడు.

"అడిగినదానికే జవాబు," అన్నాను.

ఆలస్యం ఖాతాదారుడి వల్లే జరిగిందని బ్యాంకు ఆయనకు ఇంగ్లీషులో ఉత్తరం పంపింది. ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని ఆయన నా దగ్గరికి వచ్చారు. కొట్లాడతారనుకున్నాను.

"నా కొడుకు చదివి చెప్పినాడు. నువ్వు ఆ పొద్దు ఏమన్నావో నేను ఎవురికీ చెప్పలేదు, వాడికి కూడా. నీకు ఇంకా ఒక సంవత్సరమే కదా సర్వీసు. పెన్షన్‌కు యాడ తంటా వస్తుందో అని." ఉత్తరం మడుస్తూ మళ్లీ అన్నారు. "ఆడోళ్లు మాత్రం గేటు కాడ నిలబడి అడిగినారు. రావుకాలం చూసి మా పొట్ట కొట్టినావే మొదలాళీ, నీ దేవుడు మాకు కూడు పెడతాడా అని. ఏంది చెప్పేది? రావుకాలం చూసేది మానేసినా అని చెప్పినా."

నాకోసం ఆయన నోరు మూసుకున్నారు. నేను చేతులు జోడించి, మీ మేలు మరవను అన్నాను. ఆ క్షణంలో నాకు నిజంగానే కృతజ్ఞతగా ఉంది. అది తలుచుకుంటే ఇప్పుడు నోరంతా చేదవుతుంది. నేను చేసిన తప్పును ఆయన రాహుకాలం పేరుతో తన మీద వేసుకున్నారు, ఆడవాళ్లు దేవుడి మీద మోపారు. రోజూ పొద్దున ఆ దేవుడికే దీపం పెడుతున్న నేను, బ్యాంకుకు ఇంకో ఉత్తరం రాసి ఉండవచ్చు. రాయలేదు. మరుసటి సంవత్సరం శాలువా కప్పి, మచ్చలేని సర్వీసు అని పొగిడి పంపారు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి చెప్పదగింది ఇదీ. ఏ కరెన్సీకి ఆ కరెన్సీ గడియారం ఉంటుంది, అది తెలుసుకోవడం ఖాతాదారుడి పని కాదు. అధికారి పని. మంచి ఘడియ, చెడ్డ ఘడియ ఖాతాదారుడు చూసుకుంటాడు, టైముందా అని అడిగితే మాత్రం సర్క్యులర్ తీసి చూసి చెప్పాలి. ఫిర్యాదుకు జవాబు రాసేటప్పుడు అవతలివారు చేసినదానితో పాటు మనం అన్నదీ రాయాలి. నా జవాబులో అబద్ధం ఒక్క ముక్క లేదు. దాన్ని చదివినవారందరూ తప్పు చేయని మనిషినే తప్పుపట్టారు.