పండుం నాటి తనిఖీ

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. అంత కోపంతో అడవి ఊళ్లో ఉద్యోగం ఎలా వెలగబెట్టావే అని మా అక్క ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. నిజానికి ఆ ఊళ్లో నేను కోప్పడింది తక్కువే. కోపం రాక కాదు. వచ్చిన కోపాన్ని ఎవరి మీద చూపించాలో తెలిసేది కాదు. ఆ సంగతే చెబుతాను.

మా నాన్న పాల్వంచలో కరెంటు తయారుచేసే చోట షిఫ్టు ఉద్యోగి. కాలనీ క్వార్టర్లలో, సైరన్ మోతకు నిద్ర లేస్తూ పెరిగినదాన్ని. ఆదివారం చర్చి, మిగతా రోజులు సిస్టర్ల బడి. ఖమ్మంలో రాజనీతిశాస్త్రం చదివి డిగ్రీ తెచ్చుకున్నాను. సార్వభౌమాధికారం గురించి రాయమంటే, రాజ్యానికి పైన మరో అధికారం ఉండదు అని మొదలుపెట్టి పేజీలకు పేజీలు నింపాను. మార్కులు బాగానే వేశారు. ఆ చదువుకు దొరికిన ఉద్యోగం మాత్రం భద్రాచలం అవతల అడవిలో, తపసి బంక కొనే డిపోలో. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయిన రోజులవి.

తపసి చెట్టు బెరడు మీద గాటు పెడితే బంక ఊరుతుంది. అది గట్టిపడ్డాక ఒలుచుకొచ్చి, బెరడు పొట్టు ఏరేసి, ఎండబెట్టి ఆడవాళ్లు డిపోకు తెచ్చేవారు. తూకం వేసి, తెల్లది వేరు, ఎర్రది వేరు చేసి బస్తాలకెత్తడం నా పని. డిపో నడిపే మా సహకార సొసైటీ దాన్ని ఓడలెక్కించేది. ఎక్కడెక్కడి మందుల్లోనో అది కలిసేదట. కట్టుడు పళ్లు అంటించుకునే పొడిలో కూడా మన బంకే ఉంటుందని భద్రాచలం ఆఫీసు నుంచి మా డిపోలు చూసుకునే సార్ ఒకసారి చెబితే, ఆ ముచ్చట నేను పక్కింటి అవ్వకు చేరవేశాను.

"గా పండ్లతోని వాళ్లు ఏం తింటరు బిడ్డా?" అని అడిగింది అవ్వ.

నాకు తెలియదన్నాను. డిగ్రీ చదివినదానివి గదా అన్నట్టు చూసింది.

అవ్వ ఇల్లు డిపో గదికి ఆనుకునే ఉండేది. మొగుడు పోయాడు, మోకాళ్లు అరిగిపోయాయి, నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేసేది. ఆ డిపో వచ్చిందే ఆమె వల్ల. అంతకుముందు ఊళ్లో ఆడవాళ్లు బంక మూటలు నెత్తిన పెట్టుకుని, రెండు వాగులు దాటి సంతకు వెళ్లేవారు. అక్కడ షావుకారు ఎంత తెల్లటి బంకనైనా చేత్తో కెలికి, మట్టి ఉందని మొహం చిట్లించేవాడు. మళ్లీ మోసుకుని ఇంటికి తేలేక అతను ఇచ్చిందే తీసుకునేవారు. అవ్వ ఆడవాళ్లందరినీ కూడగట్టి, మా సార్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, ఊళ్లోనే డిపో పెట్టించింది. ఆ మోకాళ్లతో ఆమె ఇక వాగులు దాటలేదు. డిపో ఉంటేనే ఆమెకు బతుకు.

అలాంటి సమయంలో సార్ జీపులో వచ్చి కొత్త సంగతి చెప్పాడు. కొనే విదేశీ కంపెనీ ఇకమీదట సర్టిఫికెట్ ఉన్న ఊళ్ల బంకే తీసుకుంటుందట. అక్కడినుంచి ఒక మనిషి వచ్చి, గాటు ఎలా పెడుతున్నారు, ఎక్కడ ఆరబెడుతున్నారు, పిల్లలచేత పని చేయిస్తున్నారా, చెట్లు బతుకుతున్నాయా అని కళ్లారా చూడాలి. చూసి సరే అంటే డిపో ఉంటుంది, లేదంటే ఎత్తేస్తారు.

ఆ నియమాల్లో తప్పుపట్టేదేమీ లేదు. ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు. వెనకటికి గొడ్డలితో నరికి బంక తీసేవారు, చెట్లు చచ్చేవి. ఇప్పుడు చిన్న ఉలితో పైపైన గీసినట్టు గాటు పెట్టడం అందరికీ అలవాటైంది. అవ్వ అయితే కర్రలతో ఎత్తుగా మంచె కట్టించి, దాని మీద తెల్లగుడ్డ పరిచి బంక ఆరబెట్టేది. ఆ గుడ్డ మీదికి కోళ్లు ఎక్కకుండా ఆమె పడిన పాట్లు చూసి మేమంతా నవ్వుకునేవాళ్లం. మా ఊరు పాసవుతుందని నాకు పూర్తి నమ్మకం. ఆ నమ్మకంతోనే తారీఖు చూసుకోలేదు.

తనిఖీ సరిగ్గా విత్తనాల పండుగ మొదటి రోజున పడింది. ఆ ఊరి ఆదివాసీల మాటలో పండుం. తొలకరికి ముందు ఊరంతా తెచ్చిన గింజల్ని ఒకచోట చేర్చి పూజారి పూజ చేస్తాడు. ఆ గింజలు మళ్లీ ఇంటింటికీ పంచాకే విత్తడం. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు రోడ్డు మీద తాడు కట్టి వచ్చేపోయే బండ్లను ఆపి పండుగ కానుక తీసుకుంటారు. గింజలు పంచేదాకా ఆ ఊళ్లో నేలలో గునపం దిగదు, చెట్టు మీద కత్తి పడదు.

ఊరి పెద్ద దగ్గరికి పరుగెత్తాను.

"తాతా, ఒక్క చెట్టు, ఒక్క గాటు. ఆమె చూసి పోతది. గంతే."

"పండుం ఒడిసినంక చూపిస్తం," అన్నాడు ఆయన, చుట్ట తీయకుండానే.

"ఆమె ఆగది తాతా."

"మేం ఆగుతున్నం గద."

"నీ మాటంటే ఊరంత వింటది. నువ్వు సరే అంటే సాలు."

"నా మాట గాదు బిడ్డా. నేల ఇంకా నిద్ర లేవలే. లేవకముందే కోసుడు మంచిది గాదు. నేను పెట్టింది గాదు ఇది, నేను తీసేసుడు యాడిది?"

ఇక లాభం లేదని గుట్టెక్కాను. ఆ గుట్ట మీదే సెల్‌ఫోన్‌కు కాస్త సిగ్నల్ తగిలేది. తారీఖు మార్చమని సార్‌ను అడిగాను.

"డేటు పైనుంచి ఖరారైందమ్మా," అన్నాడు.

"పైనంటే హైదరాబాదా సార్?"

"వాళ్లకూ పైనుంచే వచ్చింది."

"ఢిల్లీనా?"

"ఢిల్లీ ఏం జేస్తది దీంట్ల? కొనేటోళ్లు చెప్పిన్రు, మనం ఊ అన్నం."

ఫోన్ పెట్టేశాక ఒళ్లు మండిపోయింది. చెట్టు మాది, అడవి సర్కారుది, సొసైటీ మాది. ఆ చెట్టును ఏ రోజు చూడాలో చెప్పేవాళ్లు మాత్రం మాకు తెలియదు. పరీక్షలో నేను రాసిన పేజీలన్నీ గుర్తొచ్చి, ఆ మార్కులు ఎలా వేశారా అనిపించింది.

పండుం రోజు పొద్దున్నే జీపు వచ్చింది. నేను ముందే వెళ్లి కంకర రోడ్డు దగ్గర ఎక్కాను. ముందు సీట్లో సార్, నా పక్కన ఆ తనిఖీ అమ్మాయి. నా ఈడుదే. టోపీ, చెమట, దోమలు కుట్టి ఎర్రబడ్డ చేతులు. బడిలో సిస్టర్లు నేర్పిన ఇంగ్లీషు నాకు అక్కరకొచ్చింది. ఊరి మొదట్లో జీపు ఆగిపోయింది. ఎదురుగా తాడు. తాడు వెనక ఆడవాళ్లు, అందరికన్నా ముందు అవ్వ.

"తాడు తియ్యవే. ఎవరొచ్చిన్రో చూస్తలేవా?" అన్నాడు సార్.

"ఎవరైతేంది సారూ, ఇయ్యాల తోవ మాది. ఇచ్చి పోవాలె."

సంగతేమిటని ఆ అమ్మాయి అడిగితే చెప్పాను. ఆమె నవ్వి సంచిలోంచి తమ దేశపు నోటు తీసి ఇచ్చింది. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టింది.

"మా సంతల ఇది నడవది. వేరేది ఇయ్యమను."

సార్ జేబులో చెయ్యి పెట్టబోయాడు. "నీది నువ్వియ్యి. ఆమెది ఆమె ఇయ్యాలె," అంది అవ్వ. ఆ అమ్మాయి దగ్గర ఇంకేమీ లేదు. ఏమీ లేనివాళ్లు వాళ్లతో కలిసి ఒక అడుగు ఆడాలి. అదీ చెప్పాను. ఆమె బూట్లు విప్పి జీపు దిగింది. ఆడవాళ్ల నడుముల చుట్టూ చేతులు వేసి, అడుగు తప్పుతూ, నవ్వుతూ రెండు చుట్లు తిరిగింది. సార్ మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. నాకు మాత్రం చాలా రోజుల తర్వాత మనసు తేలికైంది. ఇంత మంచి మనిషి ఎలా కాదంటుందిలే అనుకున్నాను.

ఆమె డిపో చూసింది, మంచె చూసింది, తెల్లగుడ్డను వేళ్లతో తాకి చూసింది. అన్నీ బాగున్నాయంది. తర్వాత అవ్వ కుంటుకుంటూ మమ్మల్ని తపసి చెట్ల దగ్గరికి తీసుకెళ్లి, పాత గాట్లు ఎలా పూడుకున్నాయో చూపించింది. ఊరి పెద్ద కూడా వెంట వచ్చాడు.

ఇప్పుడు గాటు పెట్టి చూపించమంది ఆ అమ్మాయి.

నేను ఆ మాట తెలుగులో చెప్పాను. అవ్వ చేతులు కట్టుకుని నిలబడింది. నేను పండుం గురించి ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె శ్రద్ధగానే విన్నది.

"నాకు అర్థమైంది. కానీ కళ్లతో చూడనిదాన్ని చూశానని రాయలేను," అంది.

"ఈ ఒక్క ఊరికి మార్చలేరా?"

"నియమం నాది కాదు. నేను చూసి రాసే మనిషిని. పెట్టినవాళ్లు వేరే. వాళ్లనూ వాళ్ల దుకాణాలవాళ్లు అడుగుతారు, వాళ్ల సర్కారు అడుగుతుంది."

అబద్ధం రాయనన్నందుకు ఆమె మీద గౌరవం కలిగింది. కోపం మాత్రం మళ్లీ మిగిలిపోయింది.

"రొండ్రోజులు ఉండమను," అన్నాడు ఊరి పెద్ద. "మా ఇంట్ల తింటది, మా ఇంట్ల పంటది. పండుం ఒడిసినంక మేమే చూపిస్తం."

ఉండాలని ఆమెకూ ఉందని మొహం చూస్తేనే తెలిసింది. తెల్లారి వేరే ఊళ్లు, ఆ తర్వాత విమానం. తల అడ్డంగా ఊపింది.

సార్ అవ్వను పక్కకు పిలిచాడు. "ఒక్క గాటు పెడితే ఏం పోతది? డిపో పోతే నీకే నష్టం."

అవ్వ ఊరి పెద్ద వైపు చూసింది. "నీ ఇష్టం," అన్నాడు ఆయన. "ఊరు నిన్నేమనది." ఆ మాట ఆయన నిజంగానే అన్నాడు, బెదిరింపుగా కాదు. పెట్టవే అవ్వా అని లోపల మొక్కుకున్నాను. ఆమె ఉలి దిగితే డిపో ఉంటుంది, నా ఉద్యోగమూ ఉంటుంది.

"నా బంక కోసం ఊరందరి ఇత్తనం కరాబు చేస్తనా సారూ?" అంది అవ్వ.

ఆ అమ్మాయి అవ్వకు దండం పెట్టి జీపెక్కింది.

వానలు పడి, ఊళ్లో విత్తడాలు అయ్యాక కబురొచ్చింది. మా ఊరు పాసు కాలేదు. మళ్లీ తనిఖీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. డిపో మండల కేంద్రానికి మారుస్తున్నామని, కాటా సర్దుకుని రమ్మని సార్ చెప్పాడు. నన్ను అక్కడికే మార్చారు. నా ఉద్యోగం పోలేదు, అందుకు నాకు సంతోషం కూడా కలగలేదు.

ఆ వారమే, నేను లెక్కలు అప్పజెప్పడానికి భద్రాచలం వెళ్లిన రోజున, ఆడవాళ్లంతా వచ్చి మా ఆఫీసు వరండాలో కూర్చున్నారు. వాళ్ల పద్ధతి అదే. తగువు ఎవరితో ఉంటే వాళ్ల గడప ముందు మంచిగా కూర్చుంటారు. తిట్టరు, లేవరు. ఆ ఇంటివాళ్లు బయటికొచ్చి మాట్లాడేదాకా ఉంటారు. అవ్వను సగం దూరం ఎత్తుకొచ్చారట. కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

సార్ చెడ్డవాడు కాదు. బయటికొచ్చి వాళ్లతోపాటే నేల మీద కూర్చుని, అందరికీ చాయ్ తెప్పించాడు.

"నా చేతిల లేదే అవ్వా."

"ఎవల చేతిల ఉన్నది మరి?"

"హైదరాబాదు సార్లను అడిగినం. వాళ్ల చేతిల లేదంట."

"సర్కారోళ్లో?"

"సర్కారుకు సంబంధం లేదంట."

అవ్వ కాసేపు చాయ్ తాగింది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఇంగ్లీషు వచ్చినదాన్ని, ఆ అమ్మాయితో మాట్లాడినదాన్ని నేనే కదా.

"వాళ్ల ఊరు ఏందో చెప్పు బిడ్డా," అంది. "దూరమైనా మంచిదే. పోయి కూసుంటం."

నాకు ఏడుపొచ్చింది. ఏ ఊరు చెప్పాలో తెలియలేదు. ఆమె నా చెయ్యి వదలకుండా, నేను చెబుతానని చాలాసేపు చూసింది.