ఇగ నువ్వు చెప్పు

పోయిన శుక్రవారం పొద్దున బడికి బయల్దేరుతుంటే ఫోను మోగింది. ఎత్తగానే చిన్నాయన గొంతు. "మీ చిన్నమ్మ పోయింది బిడ్డా," అన్నాడు. ఎప్పుడని నేను అడిగే లోపే, తెల్లారంగనే అని తనే చెప్పేశాడు. నేను చెప్పుల జత విడవకుండానే గడప మీద కూలబడ్డాను. లక్షెట్టిపేటలో ఎవరింటికి ఏ కబురు రావాలన్నా ముందు ఆమె చెవిన పడేది. ఆమె కబురు మాత్రం ఆమె వినకుండానే ఊరంతా తిరిగింది. నేను ఏడిస్తే తిట్టేది మా చిన్నమ్మే. తిట్టే మనిషే లేకపోవడంతో ఈ వారం రోజులూ నా ఏడుపుకు అడ్డం వచ్చేవాళ్లు లేరు.

ఆమె మా అమ్మకు చెల్లెలు. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన ఏడే లక్షెట్టిపేటకు కోడలై వచ్చింది. ఆ సంగతి చెప్పి, వాళ్లకంటే నేనే ఎక్కువ దూరం వచ్చానని నవ్వేది. చిన్నాయనది బస్టాండు ఎదురుగా కిరాణా దుకాణం. ఎస్టీడీ, ఐఎస్డీ బూత్‌లు అప్పుడప్పుడే మన చిన్న ఊళ్లకు వస్తున్న రోజుల్లో, ఉప్పు బస్తాలు పెట్టే మూలను చిన్నమ్మ ఖాళీ చేయించి, అద్దం తలుపుల డబ్బా ఒకటి పెట్టించింది. చిన్నాయన వద్దన్నాడు. వద్దన్న పని చేయడమే ఆమెకు అలవాటు కాబట్టి ఆయన కూడా ఎక్కువసేపు వాదించలేదు.

మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి ఎంతమంది గల్ఫుకు పోయారో మీకు నేను చెప్పనక్కరలేదు. అక్కడ శుక్రవారం సెలవు. అందుకని శుక్రవారం వస్తే చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు బస్సులెక్కి వచ్చి, మా చిన్నమ్మ దుకాణం ముందు బెంచీల మీద కూర్చునేవాళ్లు. పిల్లలను ఒళ్లో పెట్టుకున్నవాళ్లు, ముసలి తల్లులు, పెళ్లయి నెల తిరగకుండానే మొగుణ్ని విమానం ఎక్కించినవాళ్లు. వాళ్ల కోసం ఆమె సర్వపిండి చేసి పెట్టేది. ఆకలితో మాట్లాడితే మాటలు తగాదాకు పోతాయని ఆమె నమ్మకం.

ఫోను కలిసేది. అసలు కష్టం అప్పుడు మొదలయ్యేది. ఇక్కడి మాట పైకి పోయి ఉపగ్రహాన్ని తాకి అక్కడ దిగాలి. అక్కడి జవాబు మళ్లీ అదే దారిన రావాలి. ఆ మధ్యలో రెప్ప వేసి తెరిచేంత ఖాళీ. చిన్నదే, కానీ మనవాళ్లకు అది అలవాటు లేదు. "బాగున్నవా?" అని అడిగి, జవాబు రాకపోయేసరికి "ఇనవడుతుందా?" అని మళ్లీ అడిగేవాళ్లు. ఆ లోపల అవతలి జవాబు వచ్చి దీని మీద పడేది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగి, చివరికి ఇద్దరూ ఏడ్చి పెట్టేసేవాళ్లు. పైగా ఎదురుగా మీటరు మీద ఎర్ర అంకెలు పరుగెడుతుంటే ఎవరికి నిదానం ఉంటుంది?

మా చిన్నమ్మ మొదట ఆ మీటరు మీద ఒక రవికె గుడ్డ కప్పింది. తర్వాత మాట్లాడే మనిషి వెనుక నిలబడి, తనూ ఫోనుకు చెవి ఆనించి, భుజం మీద చెయ్యి వేయడం మొదలుపెట్టింది. మాట అయిపోగానే భుజం నొక్కేది, అంటే ఆగమని. జవాబు వచ్చి ముగిశాక వదిలేది, అంటే ఇప్పుడు నువ్వు మాట్లాడమని. ఇంకొక పద్ధతి కూడా పెట్టింది. చెప్పాల్సింది చెప్పేసి, చివర "ఇగ నువ్వు చెప్పు" అనాలి. అటువైపు ఉన్నవాళ్లూ అట్లాగే అనాలి. గల్ఫులో మన మనుషులుండే క్యాంపుల్లో కూడా ఆ మాట పాకింది. కొన్నాళ్లకు అది ఇళ్లలోకి దూరింది. మా వాడలో అత్తాకోడళ్లు పోట్లాడుకుంటూ, అత్త తిట్టాల్సినంతా తిట్టి అలవాటు కొద్దీ "ఇగ నువ్వు చెప్పు" అనడం, ఆపైన ఇద్దరికీ నవ్వు రావడం నా కళ్లతో చూశాను.

ఆ ఖాళీ ఎందుకొస్తుందో టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఇంజినీరు గారిని అడిగి తెలుసుకుంది. ఆయన దుకాణానికి వస్తే చాయ తాగకుండా పోనిచ్చేది కాదు, చాయ అయ్యేలోపు ప్రశ్నలు అయిపోయేవి కావు. ఆయన చెప్పినదాన్ని తన తీరుగా మాకు చెప్పేది. ఉపగ్రహం అంటే ఆకాశంలో కిరాయి ఇల్లు. అందులో అర్రలు, అంటే గదులు, ఇన్నే ఉంటాయి. కట్టి పైకెత్తడానికి బోలెడు ఖర్చు. ఎత్తాక గోడ పగిలినా మేస్త్రీ పోలేడు. కొన్నేళ్లకు అది ముసలిదై పనికిరాకుండా పోతుంది. అందుకే బతికున్నన్నాళ్లు ఒక్క అర్ర కూడా ఖాళీగా ఉంచరు. మొదట్లో సర్కార్లన్నీ కలిసి ఈ ఇళ్లు కట్టుకున్నాయి. తర్వాత కిరాయిలో లాభం చూసి షావుకార్లు దిగారు. పేపర్లో ఎక్కడో మూల ఫలానా దేశపు రాకెట్టు పేలిపోయిందని వస్తే, ఎవరో చుట్టాల ఇల్లు కూలినట్టు బాధపడేది. బీమావాళ్లు ఒకరికి పైసలు కట్టిచ్చి అందరి మీదా రేటు పెంచుతారని, చివరికి ఆ బరువు బెంచీ మీద కూర్చున్న మన భూమవ్వ, మన రాజవ్వల మీదే పడుతుందని అనేది. అంతా తెలిసిన మనిషేం కాదు. గ్రహణం నాడు బూత్ మూసేసేది. కిందున్న మనమే తలుపులేసుకుంటుంటే పైన ఒంటరిగా ఉన్న దాని గతేమిటని ఇంజినీరు గారినే ఎదురడిగింది.

ఇక నా సంగతి. మా ఆయన వడ్రంగి. పెళ్లయిన రెండో ఏడు షార్జా పోయాడు. నాకు ముందు నుంచీ ముక్కు మీద కోపం. ఫోనులో నేను "నా మీద మనసున్నదా?" అని అడిగితే అటు నుంచి ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత "ఉన్నది" అన్నాడు. ఉన్నదని చెప్పడానికి ఆలోచించాలా? ఆ వారమంతా అన్నం సహించలేదు. మరుసటి శుక్రవారం మళ్లీ అదే. నేను ఫోను పెట్టేసి, ఇక ఆ మనిషితో మాట్లాడనని ఒట్టు వేసుకున్నాను.

చిన్నమ్మ నన్ను ఆదివారం గోదావరి స్నానానికని రేవుకు తీసుకుపోయింది. అవతలి ఒడ్డున ఒకతను బండ మీద బట్టలు ఉతుకుతున్నాడు. బట్ట బండకు తాకడం ముందు కనిపిస్తోంది, చప్పుడు ఆ తర్వాత వస్తోంది. చూడమంది. చూశాను. ఈ పాయ దాటడానికే మాటకు అంత సేపు పడితే, షార్జా నుంచి పైదాకా పోయి రావడానికి ఎంతసేపు పట్టాలో నువ్వే లెక్క వేసుకో, పంతులమ్మవు కదా అంది. ఇంజినీరు గారు వింటే ఆ లెక్కా ఈ లెక్కా వేరని అనేవారేమో. నాకు మాత్రం గుండెల మీద బండ తీసినట్టయింది. నీళ్లలో నిలబడే నవ్వేశాను. ఆమె నా నెత్తిన దోసెడు నీళ్లు పోసి, తెలివి తెచ్చుకోమంది.

ఆ తర్వాత ఏడాదిన్నర మా మాటలు సుఖంగా సాగాయి. ఖాళీ వచ్చినా నేను కంగారు పడేదాన్ని కాదు. ఆ ఖాళీని నమ్మడం ఎంత అలవాటైందంటే, అందులో ఇంకేమన్నా ఉండొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు.

ఒక శుక్రవారం ఆయనకు ఫోను కలిపాం. పని ఎట్లా ఉందని అడిగాను. ఖాళీ. మంచిగనే ఉందన్నాడు. తిండి? ఖాళీ. మంచిగనే ఉంది. నేను ఇక పెట్టేద్దామనుకుంటుంటే, నా భుజం మీద చెయ్యి తీసేసి, చిన్నమ్మ ఫోను నా చేతిలోంచి లాక్కుంది. అంతకు ముందు ఎవరి ఫోనూ ఆమె అట్లా తీసుకోవడం నేను చూడలేదు.

"అల్లుడా, నేను. పైకి పోయి రానీకి ఎంతసేపు పడ్తదో నాకెరికే. గింతసేపు పట్టది. గిది ఆకాశం చేసిన ఆలస్యం కాదు, నీదే. ఏమైందో చెప్పు. ఇగ నువ్వు చెప్పు."

ఆమె ఫోనును చెవికి అదిమిపెట్టుకుని విన్నది. తర్వాత ఆమె ముఖం మారింది. మూడు నెలల కిందట కోత మిషను మీద కుడిచేతి వేళ్లు రెండు పోయాయట. పనిలోంచి తీసేశారట. క్యాంపులో ఎవరి దయ మీదో ఉంటూ, వేళ్లు లేని వడ్రంగి ఏ ముఖం పెట్టుకుని ఇంటికి పోవాలని అక్కడే ఉండిపోవాలని చూస్తున్నాడట. నాకు చెప్పొద్దని బతిమాలుతున్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నానని మరచినట్టున్నాడు.

"వేళ్లు పోతే పోయినయి బిడ్డా," అంది చిన్నమ్మ. "మేము నిన్ను వేళ్లు చూసి అల్లున్ని చేసుకోలే. నువ్వు రా. ఏం పని చేస్తవో ఈడికి వచ్చినంక సూద్దాం. ఫికర్ చెయ్యకు."

ఫోను నా చేతికిచ్చింది. అటు నుంచి ఆయన ఏడుపు వస్తోంది. మీటరు సంగతి ఎవరికీ పట్టలేదు. నెల తిరక్కుండా ఆయన ఇంటికొచ్చాడు. బస్టాండులో దిగుతూ కుడిచేయి జేబులో పెట్టుకున్నాడు. చిన్నమ్మ అందరి ముందే ఆ చేయి బయటికి తీసి, తన చేతిలో పట్టుకుని, దుకాణం దాకా నడిపించుకొచ్చింది.

పని కూడా ఆమే చూపించింది. అప్పటికే టీవీ ఛానెళ్లవాళ్లు పైన అర్రలు పోటీ పడి పట్టుకుంటున్నారని, ఫోనువాళ్ల కంటే ఎక్కువ కిరాయి ఇస్తున్నారని ఆమె పేపర్లో చదివింది. ఒక్క ఫోను ఇద్దరి మాట మోస్తే ఒక్క ఛానెలు ఊరందరికీ బొమ్మ చూపిస్తుంది కదా, ఇక ఆ ఇళ్లన్నీ వాళ్లవేనని, డాబాల మీద గొడుగులు, అదే డిష్షులు, బిగించే పని నేర్చుకొమ్మని మా ఆయనకు చెప్పింది. ఆయన మంచిర్యాలలో ఒకరి దగ్గర కుదిరి నేర్చుకున్నాడు. చూస్తుండగానే ప్రతి వాడకూ ఒక గొడుగు లేచింది, కరెంటు స్తంభాల వెంట నల్ల తీగలు పారాయి. ఉన్న వేళ్లతోనే మా ఆయన వాటిని తిప్పి, పట్టి, బిగించాడు. మా ఇల్లు ఆ గొడుగుల నీడనే నిలబడింది.

ఫోనుల సంగతి కూడా ఆమె అన్నట్టే అయింది. కొన్నాళ్లకు సముద్రం అడుగున గాజు తీగలు వేశారట, మాటలు పైకి పోవాల్సిన పని తప్పింది. ఒక శుక్రవారం ఫోను ఎత్తినావిడకు అడిగీ అడగకముందే జవాబొచ్చింది. పక్కింట్లోంచి మాట్లాడినట్టుందని అందరూ సంబరపడ్డారు. చిన్నమ్మ కూడా సంతోషించింది. కానీ భుజం మీద వేయడానికి ఎత్తిన చేయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు సర్దుకుంది.

పోయినేడు ఎండాకాలంలో చిన్నమ్మకు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది, మాట పూర్తిగా పోలేదు. కానీ అడిగిన దానికి జవాబు చాలా ఆలస్యంగా వచ్చేది. లోపలెక్కడో తిరిగి తిరిగి పెదాల దాకా రావాలి. చూడవచ్చిన చుట్టాలకు అంత ఓపిక ఉండేది కాదు. ఏమన్నా కావాలా అని అడిగేవాళ్లు, ఆమె నోరు తెరిచేలోపే నీళ్లా, దుప్పటా, ఫ్యాను వేయాలా అని తామే చెప్పేసేవాళ్లు. ఆమె కళ్లు మూసుకునేది.

పోవడానికి నాలుగైదు రోజుల ముందు, ఊళ్ల నుంచి ఆమె దుకాణానికి వచ్చే ఆడవాళ్లు కొందరు చూడటానికి వచ్చారు. దుకాణం వెనుక అర్రలో ఆమె మంచం చుట్టూ నిలబడి కాసేపు మాట్లాడారు. బస్సు వేళవుతోందని సంచులు భుజాన వేసుకున్నారు. మా ఆయన మంచం మీదికి వంగి, "అత్తమ్మా, జర ఏమన్న కావాల్నా?" అని అడిగాడు.

ఎవరూ మధ్యలో నోరు తెరవలేదు. నీళ్లా అని అనలేదు, దుప్పటా అని అనలేదు. ముందు దుకాణంలో ఎవరో చక్కెర అడుగుతుంటే చిన్నాయన చేత్తోనే ఆగమన్నాడు. ఆమె పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. మేము చూస్తూ నిలబడ్డాం.

"కూసోండ్రి," అంది.

ఒక్కొక్కరే సంచులు దించి మంచం చుట్టూ నేల మీద కూర్చున్నారు. బయట బస్సు హారన్ కొట్టింది, కాసేపటికి కదిలి పోయిన చప్పుడు వినిపించింది. ఎవరూ లేవలేదు.