లారీ మూతి ముందర మోకాలెత్తు బండి

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా అన్న వెంకటరమణప్పకు మదనపల్లెలో ఒక్క వీధి గూడా మంచిది కాదు. టమోటా లారీ తోలతాడు. లోడింగోళ్ళతో కొట్లాట, మండీ వాళ్ళతో కొట్లాట. మార్కెట్టు గేటు కాడ టీ అంగడి పెట్టుకున్న సొంత చెల్లెలినైన నాతో గూడా కొట్లాటే. "బయ్యమ్మా, ఇది టీనా, గిన్నెలు కడిగిన నీళ్ళా?" అంటాడు. తాగడం మాత్రం మానడు, పాపిష్టోడు. అయితే ఇన్నేండ్లలో ఆయన టైరు కింద కోడిపిల్ల గూడా పడలేదు. ఆయనకుండే గర్వమంతా అదొకటే.

గిరిబాబుతో పగ దాని వల్లనే వచ్చింది. వాని ఊరు పుంగనూరు, గ్రానైటు షెడ్డు కుప్పంలో, కాపురం మా మార్కెట్టు వెనకాల, కండ్లు నెత్తిమీద. కూతురు అశ్వినికి మోకాలెత్తు మినీ బైకు కొనిచ్చినాడు. దానికి నంబరు లేదు, ఎవరూ లైసెన్సియ్యరు. అంటే రోడ్డెక్కకూడదని కదా! వీడేమో అడిగేవాడెవడూ లేడనుకున్నాడు. బడికిపోయే పిల్లను, నెత్తిన హెల్మెట్టు గూడా లేకుండా, పుంగనూరు రోడ్డు మీదికి వదిలినాడు.

ఒకనాడు మా అన్న సడన్ బ్రేకు కొట్టినాడు. టమోటాలన్నీ రోడ్డుపాలు. వచ్చి నా బెంచీ మీద కూలబడినాడు. "ఆ పిల్ల నా లారీ మూతి కిందనే ఉండాది బయ్యమ్మా! ఎవరో అరిస్తే తెలిసింది. టైరు కింద పడుంటే నేనింక బతికేవాణ్ణి కాదు" అన్నాడు. తిట్టు లేకుండా మాట్లాడిన మా అన్నను అదే సూడడం. నాకు భయమేసింది.

పోయి చెప్తే గిరిబాబు ఏమన్నాడు? "కండ్లు కనపడకపోతే లారీ అమ్ముకో" అన్నాడు. ఆ మాట పడి ఊరుకుంటాడా మా అన్న?

ఇంకో దినం మార్కెట్టు ముగిసినాక గిరిబాబు కూతురితో నా అంగడికి వచ్చినాడు. పిల్ల బండి మీదనే ఉండాది. యార్డులో మా అన్న లారీ ఒకటే నిలబడుండాది.

"రాప్పా. నా కండ్లు పోయినాయి కదా, నీ కండ్లతో సూడు. ఎక్కు."

పంతానికి ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. అన్న సైగ చేస్తే నేను అశ్వినిని అవతలి పక్కనించి పిలుచుకపోయి, బండితో సహా లారీ మూతి ముందర కూర్చోబెట్టినాను.

"ముందర ఏముండాది?" అనడిగినాడు అన్న.

"ఏముంటాది? ఖాళీ యార్డు."

"బాగా సూసినావా? అయితే తియ్యి లారీ."

వాని చెయ్యి తాళం కాడికి పోయింది. తాళం లేదు. మా అన్న జేబులో ఉండాది.

"నాన్నా, నేనీడ ఉండాను!" కిందనించి కేకేసింది అశ్విని.

దిగినాక, సిగ్గులేనోడు, మా అన్న కాలరు పట్టుకున్నాడు. "నా బిడ్డను లారీ ముందర పెడతావంట్రా!"

"తాళం నా జేబులో పెట్టుకొని పెట్టినానురా, నీ మొగం మండ! నువ్వు దినామూ పోయే లారీల ముందర పెట్టినావు."

ఇప్పుడు ఆదివారమైతే గిరిబాబు ఆ బండిని పికప్పులో కట్టి కుప్పం తీసుకపోతాడు. షెడ్డు చుట్టూ గోడ ఉండాది. గేటు మూసి, హెల్మెట్టు, గ్లౌజులు తగిలించి లోపలే తోలిస్తాడు. మా అన్నతో మాటల్లేవు. ఎదురుపడితే ఇద్దరూ ఉమ్మేసి పోతారు.

అయితే మొన్న మా అన్న లారీ కదలబోతాంటే, గిరిబాబు కూతురి చెయ్యి పట్టుకొని, అన్నకు కనపడేటంత దూరంలో ఆగినాడు. లోపలినించి మా అన్న చెయ్యెత్తి పొమ్మనేదాకా అడుగు కదపలేదు.