నలగని జీపు

ఆ రోజుల్లో జీపు భద్రత అంటే ఇనుము, అంతే. ఈ మధ్య మా అల్లుడు కొన్న కొత్త జీపులో ఆరు గాలి సంచులున్నాయి. బెల్టు పెట్టుకునేదాకా ఆపకుండా టింగుటింగుమంటుంది. దేన్నయినా గుద్దితే ముందు భాగం తానే నలిగిపోయి లోపలివాళ్లను కాపాడుతుందట. తొంభైల మొదట్లో సూర్యాపేట నుంచి మోతెకు తిరిగే కిరాయి జీపుల్లో ఆ నలిగే బాధ్యత పూర్తిగా ప్రయాణికులదే. తలుపులుండవు, బెల్టంటే డ్రైవరు నడుముకున్నదొక్కటే. అయినా పద్దెనిమిది మందిని కుక్కేవారు కాబట్టి ఎవరూ కదల్లేరు, కదల్లేరు కాబట్టి పడరు. (ఇంత గొప్ప సూత్రాన్ని ఏ కంపెనీ వాడుకోకపోవడం శోచనీయం.)

నాకు మోతె బడిలో తొలి ఉద్యోగం వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండులోగా చేరకపోతే ఆర్డరు రద్దు. మిర్యాలగూడ నుంచి ఎక్కిన బస్సు దారిలో చెడిపోయి, సూర్యాపేటలో దిగేసరికి పదకొండు దాటింది. జీపేమో ఖాళీ, నిండితే గాని కదలదు. పైగా నా ఇస్త్రీ చొక్కాకు ఎవరి చెమటా అంటకూడదు. "బండి మొత్తం నాకే," అన్నాను దర్జాగా.

డ్రైవరు నన్ను ఎగాదిగా చూశాడు. "ఖాళీ బండి ఎగురుతది సార్. జనముంటేనే కుదురుగ ఉంటది. జర ఆగుండ్రి, నిండుతది."

"నేను గవర్నమెంటు టీచర్ని, పోనీయ్," అన్నాను. (ఇంకా కాలేదు. గంట తక్కువ.)

సగం దారిలో రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చారు. వాటిని తప్పించబోయి డ్రైవరు మైలురాయిని గుద్దాడు. మైలురాయి ఒరిగింది, జీపు ఆగింది, నేను మాత్రం ఆగలేదు. వెనక బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నవాణ్ణి, వెళ్లి ముందు సీటు ఇనుప కడ్డీకి గుద్దుకున్నాను. పెదవి చిట్లింది, కుడి చెయ్యి అప్పుడే వాచిపోయింది. డ్రైవరు దిగి బంపరు తడిమాడు, లైట్లు చూశాడు, టైర్లు తన్ని చూశాడు.

"బండికేం గాలే సార్," అన్నాడు నన్ను ఓదారుస్తున్నట్టు.

"నాకైంది."

"మీకేముంది సార్, రెండు దినాలల్ల తగ్గుతది. గీ బంపరు వోతే యాడ దొరుకుతది?"

జీపు నిక్షేపంగా స్టార్టయి, పన్నెండుకు అయిదు నిమిషాలుందనగా బడి ముందు దింపింది. హెడ్మాస్టరుగారు నా చొక్కా మీది రక్తం చూసి, "బడికొచ్చిన్రా, దవాఖానకు వోతున్నరా?" అన్నారు. చేరడానికే వచ్చానని చెప్పి, వాచిన చేత్తోనే కలం పట్టుకున్నాను. కాలేజీలో నోటుపుస్తకాల నిండా సాధన చేసిన సొగసైన సంతకం రాలేదు. కోడి గీరినట్టు ఏదో పడింది. చేతి వాపు తగ్గాక మార్చుకుంటానన్నాను.

"రికార్డుల ఎక్కింది సారూ. మారిస్తే మళ్ల పై ఆఫీసుకు రాయాలె, ఆళ్లు పరేషాన్ చేస్తరు. ఇగ గదే ఉండనియ్యిండ్రి," అన్నారాయన.

ముప్పై ఏళ్లు ప్రతి జీతం బిల్లు మీదా బాగున్న చేత్తో ఆ వాచిన చేతి సంతకమే పెట్టాను. మొదట్లో అది కుదరక ఇంట్లో సాధన కూడా చేశాను. రిటైరైన రోజు గుమస్తా పాత కాగితాలతో పోల్చి చూసి, "ఇన్నేండ్లల్ల ఒక్క గీత గూడ మారలే సార్," అని మెచ్చుకున్నాడు. సిగ్గు లేకుండా గర్వపడ్డాను. ఉద్యోగం పోతుందేమోనని బిక్కచచ్చిపోయి, పైకి మాత్రం దర్జా ఒలకబోసిన ఆ పిచ్చి కుర్రాడి సంతకాన్ని చివరిసారిగా పెట్టేసి, నవ్వుకుంటూ ఇంటికొచ్చాను.