చేటలో కోడిపుంజు

నా చిన్నప్పుడు మా డ్రాయింగు మాస్టరు నా బొమ్మను తరగతి అందరి ముందూ చించి కిటికీలోంచి బయట పారేశాడు.

అది మా ఇంటి కోడిపుంజు. సిమెంటు మూట కాగితం మీద బొగ్గుతో గీసి, పసుపూ ఇటుకపొడీ అద్ది, తోకకు నిజం ఈకలే అంటించాను. ఆయన దాన్ని చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో ఎత్తి చూపించాడు.

"ఏంరా, ఇది బొమ్మనా, మీ ఇంట్లో ఊడ్చిన కసువునా? రంగుల పెట్టె లేనోనికి బొమ్మలెందుకురా?"

ఆయన సొంతంగా వేసిన బొమ్మను మేమెవరమూ చూసిన పాపాన పోలేదు. పుస్తకంలోని మామిడిపండు ఒక్కదాన్నే ఏడాది పొడుగునా బోర్డు మీద దించేవాడు. అదీ సొరకాయలా వచ్చేది.

ముక్కలు ఏరుకుని, కెలమంగలం దగ్గరి మా పల్లెకు ఏడుస్తూ నడిచి వచ్చాను. ఇంక జన్మలో బొమ్మ వెయ్యనని చెప్పి వాటిని పొయ్యిలో వేయబోతే మా అవ్వ చెయ్యి పట్టుకుంది.

"కాల్చేదానికి పుల్లలుండాయి లేప్పా. అవి ఇట్లియ్యి, చేటకు బొక్కలు పడిండాయి."

వెదురు చేట సందులు పూడ్చడానికి మా వైపు ఆడవాళ్లు పాత కాగితాన్ని మెంతులతో నానబెట్టి, రుబ్బి మెత్తేవారు. అవ్వ ఈకలు పీకేసి నా పుంజును నానబెట్టింది. పట్టుగూళ్ల మీంచి ఒలిచిన పీచు కూడా కలిపి రుబ్బింది. చేటంతా మెత్తి, తడి ఆరకముందే తెచ్చి నా ముందు పెట్టింది.

"మళ్లా వెయ్యి పుంజును."

నేను ముఖం తిప్పుకున్నాను.

"చేతగాకుంటే చెప్పు, నేనే వేస్తా. నేను వేస్తే అది కాకి అయితాది, మళ్ల నన్ననొద్దు."

మా పుంజు కాకి కావడం నాకు ఇష్టం లేదు. ఎర్రమన్నూ దీపపు మసీ చింతగింజల జిగురులో కలుపుకుని కూర్చున్నాను.

అప్పటినుంచి నేను కూర్చునే ఉన్నాను. ఏ బడీ నాకు బొమ్మలు నేర్పలేదు. నా బొమ్మలన్నీ ఈనాటికీ ఆ ముద్ద మీదే పుడతాయి. ఈమధ్య హోసూరులో ఒక ప్రదర్శనలో ఒకటి పెట్టారు. మెంతుల వాసనకు ముక్కు మూసుకున్న పెద్దమనిషి ఒకాయన, కింద 'మిక్స్‌డ్ మీడియా' అన్న చీటీ చదవగానే ముక్కు వదిలి, చేతులు వెనక్కి కట్టుకుని "ఆహా" అన్నాడు. ఇలాంటివాళ్లు నాకు ఆ మాస్టరు కంటే చులకన. ఆయన బొమ్మను చూసైనా చించాడు; వీళ్లు చీటీని చూసి మెచ్చుకుంటారు. ముట్టుకుంటే పాడవుతుందని ప్రదర్శన పెట్టినవాళ్లు అద్దం బిగిస్తామన్నారు. వద్దన్నాను.

ఆ భయం ఒకప్పుడు నాకూ ఉండేది. పుంజు ఎండి గట్టిపడగానే మా అవ్వ అందులో రాగులు పోసింది. రెండోసారి కూడా పోతే మళ్లీ వేసే ఓపిక నాలో లేదు.

"వద్దవ్వా! చెరిగితే నా పుంజు చెరిగిపోతాది!"

అవ్వ వాకిట్లో నిలబడి చెరుగుతూనే ఉంది. పొట్టు ఎగిరి నా కళ్లల్లో పడుతున్నా, కొంగు పట్టుకుని అదే మాట అంటూ ఆమె చుట్టూ తిరిగాను. చివరికి రాగులు గంపలోకి వంచి, చేటను అరచేత్తో గట్టిగా తుడిచి నా వైపు తిప్పింది. దుమ్ము పోయి పుంజు జుట్టు మునుపటికంటే ఎర్రగా ఉంది.

ఇప్పటికీ ఏ బొమ్మ ముగించినా దాన్ని అరచేత్తో అలాగే రుద్ది చూస్తాను. అప్పుడు మా అవ్వ ఇచ్చిన జవాబు వినబడుతుంది:

"చెరిగినాను గదప్పా. యాడ చెరిగిపోయింది, చూపీ."