నవ్వు అయిపోయాక

నేను ఏడో తరగతిలో బడి మానేశాకే మా క్లాసు గ్రూపు ఫోటో బాగా వచ్చిందంటారు.

మారికుప్పం రైల్లో నా ఎదుట చీరల మోడళ్ళకు ఫోటోలు తీసే ఒకాయన కూర్చున్నాడు. "నన్నూ తియ్యన్నా, గోనెసంచులకైనా పనికొస్తా," అన్నాను.

ఆయన కెమెరా ఎత్తి నొక్కసాగాడు. "ముందు మెమరీ కార్డు వెయ్యకుండా ఉత్తగా నొక్కతానప్పా. నవ్వి నవ్వి అలిసిపోయినాకే అసలు మొగం వస్తాది. అప్పుడు కార్డు వేస్తా. ఇప్పుడు మోడళ్ళను కంప్యూటర్లోనే చేసుకుంటా ఉండారు. అవి అలిసేదే లేదు. నన్ను పిలిచేవాళ్ళూ లేరు."

బంగారుపేట చేరేసరికి నా జోకులు అయిపోయి మొహం వాలిపోయింది.

"ఇదే మొగం," అని కెమెరా దించాడు. "కార్డు తేలేదప్పా. ఇంగ ఎవరికి?"

ఇంటికొచ్చి నవ్వుతూ ఇదంతా చెబితే నా భార్య అంది: "ఇన్నేండ్లూ నాకు చూపియ్యని మొగం, దోవన పోయే ఆయప్పకు చూపించినావే."