మడతకు వదిలిన అంగుళం

మా బాబాయి సైన్యం వేలంలో కొన్న పాత జీపుకి డాష్‌బోర్డు లేదు. అది ఉండాల్సిన చోట తుప్పు తినేసిన రేకు పీలిక, దాని కింద తీగలతో వేలాడే ఐదు మీటర్లు ఉండేవి. స్పీడోమీటరును పిన్ని పాత లంగా బొందుతో బాబాయి స్టీరింగ్ రాడ్డుకి కట్టేశాడు. గుంత వచ్చినప్పుడల్లా అది మొహం తిప్పుకుని నేలచూపులు చూసేది. "ఎంత స్పీడులో పోతున్నాం?" అని పిన్ని వెనక సీట్లోంచి అడిగితే, "పడుకుంది, లేచాక చెప్తా" అనేవాడు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. కాకినాడ నుంచి ఎం.ఏ. చదవడానికి దేశ రాజధానికి వచ్చి జనక్‌పురిలో వాళ్లింట్లోనే ఉండేదాన్ని. మాట్లాడాల్సిన చోట నోరు పెగలక, ఇంటికొచ్చి డైరీలో రాసుకునే మనిషిని. బస్సులో నా స్టాపు వచ్చినా "రోక్‌నా భయ్యా" అనలేక, తర్వాతి స్టాపులో ఇంకెవరో దిగుతుంటే వాళ్ల వెనకే దిగి నడుచుకుంటూ వచ్చిన రోజులు ఆ డైరీలో చాలా ఉన్నాయి. ఆ డైరీ అట్ట లోపలే నా డ్రైవింగ్ లైసెన్సు కూడా ఉండేది. సెలవుల్లో ఊళ్లో నేర్చుకుని తెచ్చుకున్నాను. ఆ జీపు తోలాలని నాకు ఎంత కోరికగా ఉండేదో డైరీకి తప్ప ఎవరికీ తెలియదు.

దర్యాగంజ్ ఆదివారం పుస్తకాల బజారులో బాబాయి జీపు రిపేరు పుస్తకం ఒకటి కొన్నాడు. ఆయన బొమ్మలు చూసి వదిలేశాడు. నేను మాత్రం నవల చదివినట్టు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను. డాష్‌బోర్డు బొమ్మ దగ్గర రెండు రోజులు ఆగిపోయాను.

ఒక ఆదివారం భోజనాల దగ్గర బాబాయి, "బోర్డు పని మాయాపురి రేకుల మిస్త్రీకి ఇద్దామంటే కొలతలు తీసే తీరికే దొరకట్లేదు" అన్నాడు.

"నేను చేయిస్తాను బాబాయ్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "చేయిస్తే, నన్ను తోలనివ్వాలి."

బాబాయికి మజ్జిగ పొలమారింది. "ఒసేయ్, బస్సాపమని అనలేని దానివి, మిస్త్రీ దగ్గర పని చేయిస్తావా?"

"చేయిస్తే?" అంది పిన్ని.

"బోర్డు అచ్చంగా కూర్చుంటే ఆ రోజు దుకాణం నుంచి ఇంటిదాకా ఇదే తోలుతుంది. కూర్చోకపోతే మళ్లీ స్టీరింగ్ మాట ఎత్తకూడదు. సరేనా?"

"నేను సాక్షిని," అంది పిన్ని, నా కంచంలో ఇంకో గరిటెడు పప్పు వేస్తూ.

పిన్ని కాలనీలో తెలుగువాళ్లందరికీ జాకెట్లు కుట్టేది. ఆమె పక్కన కూర్చుని న్యూస్‌పేపర్ మీద జాకెట్టు కొలతలు గీసి కత్తిరించడం నాకు అలవాటే. జీపు కొలతలూ అలాగే తీశాను. టేపుతో కొలిచి, పేపర్లు అతికించి, మీటర్లకి ఐదు గుండ్రాలు, స్టీరింగ్ రాడ్డు పట్టడానికి కింది అంచులో ఒక అర్ధచంద్రం గీశాను. కత్తిరించి మడిచి మాయాపురి తీసుకెళ్లాను.

మిస్త్రీ నెరిసిన గడ్డం ఉన్న పెద్దాయన. కళ్లజోడు ఒక వైపు దారంతో కట్టి ఉండేది. కాగితం ఆయన ముందు పరిచి, "ఐసా" అన్నాను, ఇలా అని. అంతకంటే మాట రాలేదు. ఆయన తలూపాడు. రేకు కోసి, మీటర్ల కోసం ఉలితో ముతకగా చిల్లులు కొట్టి ఇచ్చాక, వాటిని నేనే నునుపు చేస్తానని సైగతో చెప్పాను. రెండు మధ్యాహ్నాలు క్లాసు ఎగ్గొట్టి, దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఆకురాయితో అరగదీశాను. జీపులోంచి విప్పి తెచ్చుకున్న మీటర్లను ఒక్కొక్కటీ చిల్లులో పెట్టి చూడడం, తీసి మళ్లీ అరగదీయడం. వేళ్లు బొబ్బలెక్కాయి. అయిదో మీటరు చేత్తో నొక్కితే 'టక్' మని కూర్చున్నప్పుడు కేక పెట్టాలనిపించింది. పెట్టలేదు. ఆ రెండో రోజే మిస్త్రీ పక్క దుకాణం వాడితో అనడం విన్నాను: "బేచారీ గూంగీ హై." నేను మూగదాన్నని ఆయన అనుకున్నాడు. కాదని చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు.

శనివారం బాబాయి, పిన్ని, నేను జీపులో వెళ్లాం. మిస్త్రీ పాత పీలికను ఊడదీసి కొత్త బోర్డు తెచ్చి పెట్టబోయాడు. పట్టలేదు. అటూ ఇటూ తిప్పాడు. చుట్టూ అంగుళం ఎక్కువ. అర్ధచంద్రం అంగుళం ఇరుకై స్టీరింగ్ రాడ్డు దూరలేదు.

"ఇదేంటే, జీపుకి బోర్డా, లారీకా?" అన్నాడు బాబాయి.

మిస్త్రీ కాగితం తెచ్చి చూపించాడు. నేను కత్తిరించిన అంచుకి అంగుళం లోపల ఇంకో గీత ఉంది. అసలు కొలత అదే. జాకెట్టుకి కుట్టు కోసం వదిలినట్టు, చెయ్యి తనంతట తనే ఇనప రేకుకి కూడా అంగుళం వదిలేసింది. లోపలి గీత సంగతి ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

పిన్ని కాగితం చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో తల్లీ, కుట్టుకి వదిలావా!"

"అంచు కోసేస్తే పడుతుంది," అన్నాడు మిస్త్రీ హిందీలో. కానీ రేకును ఒక చేత్తో పట్టుకుని ఊపి చూపించాడు. అది పళ్లెంలా మోగింది. "ఇంత పల్చటి రేకు జీపు కుదుపులకి ఆగదు. మందం రేకు తెచ్చి మొదట్నుంచి చెయ్యాలి."

"అయిపోయింది," అన్నాడు బాబాయి. "స్టీరింగ్ మాట ఎత్తకూడదు, గుర్తుందిగా?" అంటూ సీటెక్కి కూర్చున్నాడు.

నేను అరగదీసిన ఐదు చిల్లులకేసి చూశాను. రిపేరు పుస్తకంలో బొమ్మ గుర్తొచ్చింది. అందులో బోర్డు అంచులు వెనక్కి తిరిగి ఉంటాయి. మడిచిన అంచు ఉంటే పల్చటి గుడ్డ కూడా నిలబడుతుంది. చీర అంచు చూస్తే తెలియదా?

"మోడ్ దీజియే," అన్నాను. వంచేయండి.

మిస్త్రీ అదిరిపడ్డాడు. "అరే! యే తో బోల్తీ హై!" ఈ పిల్ల మాట్లాడుతుందే అని.

పక్క దుకాణం వాడు పని ఆపి చూశాడు. అయినా నేను ఆగలేదు. నా హిందీ పాఠ్యపుస్తకంలోంచి ఊడిపడ్డట్టు ఉందని నాకు తెలుసు. "ఈ అంగుళాన్ని చుట్టూ వెనక్కి వంచేయండి ఉస్తాద్‌జీ. కొలత సరిపోతుంది, రేకూ గట్టిపడుతుంది."

ఆయన గడ్డం నిమిరాడు. "తిన్నటి అంచు వంగుతుంది బేటీ. ఈ అర్ధచంద్రం వంపు దగ్గర వంచితే చిరిగిపోతుంది."

ఆ వంపును చూశాను. అది అచ్చం జాకెట్టు మెడ. మెడ దగ్గర గుడ్డ తిప్పే ముందు పిన్ని ఏం చేస్తుందో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. సుద్ద తీసుకుని అర్ధచంద్రం అంచు నుంచి లోపలి గీత దాకా, వేలెడు దూరానికి ఒకటి చొప్పున గాట్లు గీశాను. "ఇక్కడిక్కడ కత్తెర వెయ్యండి. గీత దాటకూడదు. గాట్ల మధ్య ఒక్కో పలుకూ విడిగా వంగుతుంది."

"మెడకి వేసే కత్తిరింపులు!" అంది పిన్ని. "ఏవండీ, చూడండి, మెడ పట్టీ!"

మిస్త్రీ కళ్లజోడు సవరించుకుని గాట్లు వేశాడు. కర్ర సుత్తితో ఒక్కో పలుకునీ తట్టి వెనక్కి పంపాడు. చిరగలేదు. పలుకులు పూరేకుల్లా విచ్చుకుని వంగాయి. తర్వాత నాలుగు అంచులూ వంచి, బోర్డును మళ్లీ ఊపాడు. మోగలేదు. కదల్లేదు కూడా.

"దిగు బాబాయ్," అన్నాను.

దిగాడు. మిస్త్రీ బోర్డును తెచ్చి పెట్టి అరచేత్తో ఒక్క తోపు తోశాడు. స్టీరింగ్ రాడ్డు అర్ధచంద్రంలో ఒదిగిపోయింది. వేలిగోరు పట్టే సందు కూడా లేదు. ఐదు మీటర్లూ ఒక్కొక్కటే పెడుతుంటే ఐదు 'టక్'లూ విన్నాను. తీగలు కలిపాక బాబాయి తాళం తిప్పబోయాడు.

"ఏవండీ," అంది పిన్ని.

బాబాయి ఒక్క క్షణం తాళం చెవిని చూసి, నా అరచేతిలో పెట్టాడు. "మెల్లగా. క్లచ్చి గట్టిగా ఉంటుంది."

ఇంజను అందుకోగానే ఆయిల్ ముల్లు వణికి పైకి లేచింది. పెట్రోలు ముల్లు పావు దగ్గర నిలిచింది. స్పీడోమీటరు తిన్నగా నా మొహంలోకి చూస్తోంది. బయల్దేరబోతుంటే మిస్త్రీ కిటికీ దగ్గరికి వచ్చాడు. చేతిలో నా న్యూస్‌పేపర్ కాగితం. "యే మేరే పాస్ రహేగా," అన్నాడు. నా దగ్గరే ఉంచుకుంటాను అని. నేను మాట్లాడకుండా తలూపాను. ఆయన నవ్వి, "ఫిర్ గూంగీ హో గయీ?" అన్నాడు, మళ్లీ మూగదానివైపోయావా అని.

పంఖా రోడ్డు మీద గుంతలు అలాగే ఉన్నాయి. బాబాయి పక్కన కూర్చుని రెండు చేతులతో సీటు అంచు పట్టుకున్నాడు. మొదటి పెద్ద గుంత దాటినప్పుడు ఆయన చూపు రోడ్డు మీద కాదు, బోర్డు మీద ఉంది. ఏదీ వేలాడలేదు, ఏదీ తిరగలేదు.

"ఎంత స్పీడులో పోతున్నాం?" అని పిన్ని వెనక నుంచి అరిచింది.

"ముప్ఫై అయిదు!" అని నేనూ అరిచాను. పక్కన స్కూటరు మీద పోతున్న ఆయన ఉలిక్కిపడి చూశాడు. ఆ రాత్రి డైరీలో బొబ్బల చేత్తో ఒకటే వాక్యం రాయగలిగాను: మాయాపురి నుంచి ఇంటిదాకా, మూడో గేరులో, నేనే.